వర్చువల్ డెస్క్‌టాప్‌లో వీడియో ఆగి ఆగి వస్తోందా? ముందు లైసెన్స్ చూడండి

ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుని చాలామందికి పంచి ఇచ్చే వర్చువల్ డెస్క్‌టాప్‌లలో (సర్వర్ మీద నడుస్తూ నెట్‌వర్క్ ద్వారా మన తెర మీద కనిపించే కంప్యూటర్లు), పొద్దున లాగిన్ అయినప్పుడు వీడియో బాగానే ఆడి, కాసేపటికి తడబడటం మొదలైతే వెంటనే నెట్‌వర్క్ వాళ్ల మీద పడకండి. వీజీపీయూకి, అంటే ఒక్కో డెస్క్‌టాప్‌కి వచ్చే ఆ కార్డు వాటాకి, ఎన్‌విడియా లైసెన్స్ అందకపోతే మొదటి 20 నిమిషాలు పూర్తి వేగంతోనే నడుస్తుంది, ఆ తర్వాత సెకనుకి 15 ఫ్రేములకి పడిపోతుంది, 24 గంటలు దాటితే 3కి. అందుకే ఎర్రర్ మెసేజ్ కోసమే ఎదురుచూడకుండా టైమ్ గమనించమంటున్నాను.

యూజర్ మెషీన్ లోపలే ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ కమాండ్‌ని క్యూ ఆప్షన్‌తో (nvidia-smi -q) నడిపితే లైసెన్స్ స్టేటస్ కనిపిస్తుంది. లేదని వస్తే క్లయింట్ టోకెన్ ఫైల్ (లైసెన్స్ సర్వర్ నుంచి లైసెన్స్ తీసుకోవడానికి కావలసిన ఫైల్) ఆ మెషీన్‌లో ఉందా, గడియారం సరిగ్గా ఉందా, లైసెన్స్ సర్వర్‌కి 443 పోర్టు తెరిచి ఉందా చూడండి. గోల్డెన్ ఇమేజ్‌లో, అంటే డెస్క్‌టాప్‌లన్నిటికీ మూలంగా వాడే మాస్టర్ కాపీలో, టోకెన్ పెట్టడం మరిచిపోతే దాన్నుంచి పుట్టిన డెస్క్‌టాప్‌లన్నీ ఇలాగే ఇబ్బంది పడతాయి పాపం.

లైసెన్స్ బాగుంటే అప్పుడు బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి. అది ఆఫ్‌లో ఉంటే వీడియో డీకోడింగ్ భారం మొత్తం సీపీయూ మీదే పడుతుంది, కార్డు ఎంత మంచిదైనా ఉపయోగం ఉండదు. ఇంకొకటి, బీ ప్రొఫైల్స్‌కి (మామూలు ఆఫీసు పనికి ఇచ్చే వీజీపీయూ రకాలు) సాధారణంగా సెకనుకి 45 ఫ్రేముల పరిమితి ఉంటుంది, కాబట్టి 60 ఫ్రేముల వీడియో అక్కడ కొంచెం తేడాగా కనిపించడం మామూలే, దానికి డ్రైవర్లు మార్చక్కర్లేదు.