ఫొటోగ్రాఫర్ శైలిని చదవడం ఎలా: బటర్ పేపరు, పెన్సిలు, రోజుకు 36 ఫొటోలు

ఒక ఫొటోగ్రాఫర్ మీద ప్రాజెక్టు అనగానే చాలామంది విద్యార్థులు ఆయన పుట్టిన ఊరు, వచ్చిన అవార్డులు రాసి, నాలుగు బొమ్మలు అంటించి ఇచ్చేస్తారు. అందులో శైలి ఎక్కడా దొరకదు. కెమెరా ఎంత దూరంలో ఉంది, ఏ ఎత్తులో ఉంది, వెలుగు ఎటు నుంచి పడింది, ఫ్రేము అంచుల్లో ఏం మిగిలింది, మనిషి ఏం చేస్తుండగా మీట నొక్కారు? ఒకరి ఫొటోలు ఇరవై తీసుకుని ఈ ఐదింటికీ జవాబు రాస్తే శైలి దానంతటదే పైకి తేలుతుంది. నల్లగొండలోనో పాలమూరులోనో డిగ్రీ చదువుతూ, చేతిలో మామూలు ఫోను తప్ప ఏమీ లేనివాళ్లు కూడా నెల రోజుల్లో చేయగల పని ఇది.

ముందు ఒక్కరినే ఎంచుకోండి. ముగ్గురిని పట్టుకుంటే ముగ్గురూ జారిపోతారు. ఫొటోలు మ్యూజియం, ఆర్కైవ్, లేదా ఆ ఫొటోగ్రాఫర్ సొంత పుస్తకం నుంచే తీసుకోండి. వాట్సాప్‌లో తిరిగేవి ఎవరో కత్తిరించి, రంగు పెంచినవై ఉంటాయి. పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది. 35 ఎంఎం ఫిల్ములో ఒక ఫ్రేము 24×36 మిల్లీమీటర్లు, అంటే 3:2. లైకా అనే 35 ఎంఎం కెమెరాతో తీసిన ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ ఫొటో మీకు చతురస్రంగా దొరికిందంటే ఎవరో కోసినట్టే. మన దేశపు తొలి మహిళా ప్రెస్ ఫొటోగ్రాఫర్ హోమాయ్ వ్యారావాలా చతురస్రపు ఫ్రేములిచ్చే రోలీఫ్లెక్స్ కెమెరాతో తీసినదైతే మాత్రం చతురస్రమే అసలు రూపం.

ఇరవై ఫొటోలనూ జిరాక్స్ షాపులో ఎ4 మీద తీయించండి. నలుపు తెలుపు చాలు, అదే మేలు కూడా. పైన బటర్ పేపరు పరిచి, 4బి పెన్సిలుతో పెద్ద గీతలు మాత్రం గీయండి: గోడ అంచు, చేయి వాలు, తలల వరుస. బాగా చీకటిగా ఉన్న చోట అడ్డగీతలు కొట్టండి. మనుషులు ఎటు చూస్తున్నారో బాణం గుర్తు పెట్టండి. ఒక్కోదానికి పది నిమిషాలు, అంతకు మించొద్దు. సన్న పెన్సిలు పట్టుకుంటే కళ్లూ ముక్కూ దిద్దుతూ కూర్చుంటారు, అది డ్రాయింగు క్లాసు అయిపోతుంది. చివరికి ఐదైదు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎండ పడే కిటికీ అద్దానికి ఆనించి చూడండి. ఎక్కడ గీతలు ఒకేచోట గుమిగూడి ముదిరాయో అదే ఆ ఫొటోగ్రాఫర్ అలవాటు.

ఒక ఫొటోనైనా లోతుగా చదవాలి. వలస బతుకు తెలిసిన పాలమూరు వాళ్లకు అమెరికా ఫొటోగ్రాఫర్ డొరోథియా లాంగ్ 1936లో కాలిఫోర్నియాలోని నిపోమోలో తీసిన వలస తల్లి ఫొటో దగ్గరగా అనిపిస్తుంది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని ఉచితంగా చూడనిస్తుంది. అదే తల్లివి ఆ పూటే తీసిన మిగతా ఫ్రేములూ అక్కడే ఉన్నాయి, వాటిని పక్కపక్కన పెట్టుకోండి. కొన్నింటిలో డేరా మొత్తం కనిపిస్తుంది. పేరొచ్చిన ఫ్రేములో డేరా దాదాపు మాయమైంది. ఇద్దరు పిల్లలు మొహాలు అటు తిప్పుకుని తల్లి భుజాల మీద వాలారు, ఒళ్లో పసిబిడ్డ, తల్లి చేయి దవడ దగ్గర. పిల్లల మొహాలు కనబడకపోవడం వల్లే మన చూపు ఆమె నుదుటి మీద నుంచి కదలదు. కింద కుడిమూల డేరా గుంజ పట్టుకున్న బొటనవేలు ఒకటి ఉండేది, తర్వాత రీటచ్ చేయించి చెరిపేశారు. జాగ్రత్తగా చూస్తే దాని జాడ ఇంకా తెలుస్తుంది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని 1978లో గానీ లోకానికి తెలియలేదు. ఆ ఫొటో తీయకుండా ఉంటే బాగుండేదని ఆమె అన్నారు. అందుకే లేబర్ అడ్డా మీద ఎవరినైనా తీసే ముందు అడగండి. వద్దంటే ఫోను జేబులో పెట్టుకోండి.

చదివాక చేతిలోకి రావాలి. మీరు ఎంచుకున్నవారి శైలిని బట్టి వారానికి ఒక నియమం పెట్టుకోండి, కింద ముగ్గురివి ఉదాహరణకు ఇస్తున్నా. ఫోను కెమెరాలో పోర్ట్రెయిట్ మోడ్, బ్యూటీ, హెచ్‌డీఆర్ సెట్టింగులు ఆపేయండి. రోజుకు 36 ఫొటోలే, ఒక రీలు అంత.

బ్రెస్సన్ వారంలో ఫోను జూమ్ 2ఎక్స్ మీద పెట్టండి. ఫోను మామూలు లెన్సు 24-26 ఎంఎం లెక్కకు వస్తుంది కాబట్టి 2ఎక్స్ ఆయన వాడిన 50 ఎంఎం లెన్సుకు దగ్గర. క్లాక్ టవర్ సెంటర్లో ముందు నేపథ్యం ఎంచుకుని, అరగంట కదలకుండా నిలబడి, మనిషి ఫ్రేములోకి వచ్చేదాకా ఆగండి. మనిషి వెంట పడితే నేపథ్యం చెడుతుంది, అందరూ చేసే తప్పు అదే. తర్వాత కత్తిరించొద్దు. 1932 నాటి సెయింట్ లజార్ స్టేషను వెనక దూకే మనిషి ఫొటోను ఆయనే కత్తిరించారుగా అంటారా? కంచె సందులోంచి తీశారు, తప్పలేదు.

రంగుల ఫొటోలకు పేరున్న భారతీయ ఫొటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ వారంలో రంగు కావాలి. ఆయన అంబాసిడర్ కారు కిటికీలు, అద్దాలతో ఫ్రేమును ముక్కలు చేశారు. మనకు పల్లెవెలుగు బస్సుంది. దేవరకొండ బస్టాండులో బస్సు ఆగినప్పుడు కిటికీ కడ్డీల మధ్య నుంచి బయటి జనాన్ని తీయండి. ఫోను కడ్డీల మీదే ఫోకస్ పెడుతుంది, బయటి మనిషిని వేలితో నొక్కి పట్టి లాక్ చేయండి. ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుతురు) -0.7 దాకా తగ్గిస్తే రంగులు చిక్కగా వస్తాయి. ఆయన వాడిన కోడాక్రోమ్ లాంటి స్లైడు ఫిల్ముకు కూడా వెలుతురు కాస్త ఎక్కువైతే తెల్లటి చోట్లు పోయేవి.

రాజా దీన్‌దయాళ్ (1844-1905) కావాలంటే నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లండి. ఆయన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్. మహబూబ్‌నగర్‌కు ఆ నిజాం పేరే. స్టాండు మీది పెద్ద కెమెరాల్లో కెమెరాను వంచకుండా లెన్సును మాత్రమే పైకి జరపొచ్చు, అందుకే ఆ కాలపు ఫొటోల్లో స్తంభాలు నిటారుగా ఉంటాయి. ఫోను పైకి వంచితే స్తంభాలు లోపలికి వాలతాయి. వెనక్కి జరిగి, గ్రిడ్ గీతలు పెట్టుకుని, ఫోను వంచకుండా నిటారుగా ఉంచి తీసి, కింద మిగిలిన నేలను తర్వాత కోసేయండి. ఇక్కడ మాత్రం కోత ఒప్పే. పొద్దున్నే వెళ్లండి. పదకొండు దాటితే చెక్కడాల్లో నీడలు చచ్చిపోతాయి.

ఇద్దరు ఫొటోగ్రాఫర్లను పోల్చమంటే 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన తీసుకోండి. మట్టిలో పూడుస్తున్న అదే పసిబిడ్డను రఘు రాయ్ నలుపు తెలుపులో, పాబ్లో బార్థలోమ్యూ రంగుల్లో తీశారు. రఘు రాయ్ ఫొటోలో బిడ్డను తాకుతున్న చేయి ఉంది. ఆ చేతిని మీ వేలితో మూసి ఒకసారి, తీసి ఒకసారి చూసి, తేడా ఏమిటో ఐదు వాక్యాల్లో రాయండి. ‘హృదయ విదారకం’ అనే మాట వాడకుండా రాయాలి.

చివర్లో మీ ఫొటోలు పన్నెండు ఏరి 4×6 మ్యాట్ పేపరు మీద ప్రింటు వేయించండి. ల్యాబు మెషిన్ నీడల్ని తనే తెల్లబరుస్తుంది, ఆటో కరెక్షన్ తీసేయమని ముందే చెప్పండి. నమ్మకం లేకపోతే ఒక్కటి వేయించి, ఫోను పక్కన పెట్టి చూశాకే మిగతా పదకొండూ ఇవ్వండి.