పొడిగా కనిపించే తుక్కుని నమ్మకండి

మొన్న మాకు తెలిసిన ఒక ఫౌండ్రీలో, అంటే లోహాలు కరిగించి పోతపోసే చోట, కరిగిన అల్యూమినియం మూస (కరిగించే పాత్ర) లోంచి ఎగజిమ్మింది. దగ్గరున్న కుర్రాడికి ముఖం, చేతులు కాలాయి. అతను వేసింది రెండు దిమ్మెలే. గుడ్డతో తుడిచే వేశాడు, చేతికి తడి తగల్లేదు. వానలు మొదలవుతున్నాయి కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

గ్లవ్స్, ముఖానికి షీల్డు సంగతి మీకు తెలిసిందే. నేను పదే పదే చూసిన తప్పు ఒక్కటే: పొడిగా కనిపించిన ముక్కలో తేమ లేదనుకోవడం.

అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నీరు 100కే ఆవిరై దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది. "కరిగిన లోహం మీద చుక్క పడినా ఏమీ కాలేదు, నేను చూశాను" అని కొందరు ధైర్యం చెబుతారు. పైన పడ్డ చుక్క చాలాసార్లు తన కింద ఏర్పడిన ఆవిరి పొర మీద గెంతుతూ ఆరిపోతుంది, నిజమే. కానీ దిమ్మె పగులులో దాగిన చుక్క లోహం అడుగుకి పోతుంది. అక్కడ ఆవిరికి దారి లేదు. పైనున్న లోహాన్నంతా ఎత్తి విసురుతుంది. పైగా అల్యూమినియం నీటిలోని ఆక్సిజన్‌ని లాగేసుకుని హైడ్రోజన్‌ని వదులుతుంది, బోలెడు వేడి కూడా పుడుతుంది. ప్రమాదం జరగని రోజున కూడా ఆ హైడ్రోజన్ కొంత లోహంలో కరిగి, గడ్డకట్టేటప్పుడు కాస్టింగులో, అంటే పోతపోసిన వస్తువులో, బొరియలు చేస్తుంది.

అందుకే ఎండబెట్టడం చాలదు, వేడి చేయాలి. లోపలి దాకా 200 డిగ్రీలు దాటేలా, గంటల తరబడి.

తుప్పు పట్టిన ఇనుము మరీ ప్రమాదం. తుప్పులోనే నీరు కలిసి ఉంటుంది. పైగా తుప్పు అంటే ఇనుము ఆక్సైడ్, కరిగిన అల్యూమినియం దానిలోని ఆక్సిజన్‌నీ లాగేసుకుంటుంది. ఇనుము ఆక్సైడ్ ఏర్పడితే మోల్‌కి 824 కిలోజౌళ్లు వస్తాయి, అల్యూమినియం ఆక్సైడ్‌కి 1,676. ఆ తేడా అంతా వేడిగా బయటపడుతుంది. రైలు పట్టాలు అతికే థర్మైట్ పనిచేసేది దీనితోనే.

గరిటె, చిట్టెం (లోహం పైన తేలే మురికి) తీసే కడ్డీ చల్లగా ముంచొద్దు. వేడి చేయండి.

మూసుకుపోయిన గొట్టం, డబ్బా ఏదైనా కోశాకే వేయండి.

ఫ్లక్స్ (కరిగిన లోహాన్ని శుభ్రం చేయడానికి వేసే లవణాలు) డబ్బా మూత తీసి వదలొద్దు, ఆ లవణాలు గాలిలో తేమ పీలుస్తాయి.

కాంక్రీటు నేల మీద లోహం ఒలకనివ్వొద్దు. ఎంత ఆరినా దానిలో నీరుంటుంది.

ఇత్తడి కరిగిస్తుంటే తెల్ల పొగ పీల్చొద్దు. ఇత్తడిలోని జింక్ 907 డిగ్రీలకే మరుగుతుంది.

మెగ్నీషియం అంటుకుంటే నీళ్లు కొట్టొద్దు. కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ వద్దు, దానిలోని ఆక్సిజన్‌తోనే మండుతుంది. లోహపు మంటలకని ఉండే పొడి మందే చల్లండి.

నిన్నటి మూస ఇవాళ పొడిదే అనుకోవద్దు. వేడి చేయండి.

చేత్తో తడిమి చూడటం పరీక్ష కాదు. వేడి చేయండి.

ఆర్డర్ తొందర, ఈ ఒక్కసారికి పర్లేదు అని ఎవరైనా అంటే ఆ దిమ్మె కింద పెట్టి పక్కకి వచ్చేయండి.