అమోనియా కాయిల్‌కు పైపు సైజు లెక్కించే తీరు
పంపుతో ద్రవ అమోనియా అందే, మైనస్ 10 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 కిలోవాట్ల వేడిని లాగే కాయిల్‌ను, అంటే లోపల అమోనియా ఆవిరవుతూ చుట్టూ చల్లబరిచే గొట్టాల చుట్టను తీసుకుందాం. అక్కడ కిలో అమోనియా ఆవిరి కావడానికి సుమారు 1,297 కిలోజౌళ్లు గ్రహిస్తుంది గనుక సెకనుకు 0.077 కిలోలు ఆవిరవుతాయి. దానికి నాలుగు రెట్ల ద్రవం పంపినా, సెకనుకు మీటరు లోపు వేగంతో 25 మిల్లీమీటర్ల ఉక్కు పైపు సరిపోతుంది.

అసలు జాగ్రత్త కాయిల్ నుంచి అమోనియాను వెనక్కి తీసుకెళ్లే తిరుగు పైపు దగ్గర కావాలి. ఆవిరి ఒక్కటే అయితే 65 మిల్లీమీటర్ల పైపులో వేగం సెకనుకు 10 మీటర్ల చుట్టూ ఉంటుంది. కానీ వెంట మిగులు ద్రవం కూడా వస్తుంది కాబట్టి ఒక సైజు పెంచి 80 వేయడమే మంచిది. నిలువుగా పైకెక్కే భాగాన్ని మాత్రం అలా పెంచకూడదు, వేగం తగ్గితే ద్రవం అడుగున నిలిచిపోతుంది. రొయ్యలను గడ్డకట్టించే మైనస్ 40 డిగ్రీల ఫ్రీజర్లలో తిరుగు పైపులో దాదాపు 4 కిలోపాస్కల్‌ల పీడనం తగ్గినా చాలు, ఒక డిగ్రీ చల్లదనం పోతుంది. మైనస్ 10 వద్ద అదే నష్టానికి సుమారు 12 తగ్గాలి.