వేసవికి ముందు మిద్దె తోట: జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందంటారు. మిద్దె తోట ఉన్నవాళ్ళకు పని మొదలయ్యేది అప్పుడే. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ వచ్చాక కొత్తగా చేయగలిగింది పెద్దగా ఉండదు. కుండీ మార్చడం, కొమ్మలు గట్టిగా కత్తిరించడం, వేళ్ళు కదిలే పని ఏదైనా మార్చి నెల మొదటి వారానికల్లా ముగించాలి. ఏప్రిల్లో కుండీ మార్చిన మొక్క కోలుకోవడం కష్టం.

అసలు దెబ్బ తగిలేది ఆకుకు కాదు, వేరుకు. పెరట్లో నేల మీద మొక్కకు చుట్టూ చల్లటి మట్టి ఉంటుంది. మిద్దె మీద కుండీకి కింద కాగిన స్లాబు, పక్కన పడమటి ఎండ. ఏప్రిల్లో సాయంత్రం 4 గంటలకు నల్ల ప్లాస్టిక్ కుండీని పడమటి వైపు ముట్టుకుని చూడండి, చెయ్యి ఉంచలేరు. లోపల ఆ గోడకు ఆనుకున్న వేళ్ళకు తప్పించుకునే దారి లేదు. అలా చచ్చిన మొక్కను మట్టిగడ్డతో సహా బయటికి తీస్తే ఒక వైపు వేళ్ళు తెల్లగా, రెండో వైపు గోధుమరంగులో పెళుసుగా కనిపిస్తాయి. నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోస్తే మిగిలిన సగం కూడా కుళ్ళుతుంది.

అందుకే ముందు కుండీల సంగతి చూడండి. ప్రతి కుండీ కింద ఇటుకలు గానీ ఇనుప స్టాండు గానీ పెట్టి స్లాబుకు అంటకుండా లేపాలి. గాలి ఆడుతుంది, స్లాబు నానదు. విడివిడిగా ఉన్నవాటిని గుంపుగా చేర్చి, పెద్దవి పడమటి వైపు, చిన్నవి వాటి చాటున పెట్టండి. పడమటి పిట్టగోడ లోపలి పక్కన ఉన్న కుండీలకు 3 గంటలు దాటాక గోడ నీడ వస్తుంది. తూర్పు గోడ పక్కనున్నవాటికే సాయంత్రపు ఎండ సూటిగా కొడుతుంది. లేత మొక్కలను అటు నుంచి ఇటు మార్చడానికి రూపాయి ఖర్చు లేదు. నల్ల కుండీలకు బయట సున్నం పూసినా, గోనెసంచి చుట్టినా తేడా తెలుస్తుంది. పనిలో పనిగా బరువు కూడా ఆలోచించండి. తడిసిన మట్టి లీటరుకు సుమారు కిలోన్నర తూగుతుంది. 100 లీటర్లు పట్టే సగం డ్రమ్ము అంటే ఇంచుమించు 150 కిలోలు. అలాంటివి స్లాబు నడిమధ్యన కాక, కింద గోడ గానీ బీము గానీ ఉన్న చోటే ఉండాలి.

తర్వాత మట్టి మీద కప్పు. ఎండుటాకులు, వరిగడ్డి, చిన్న ముక్కలు చేసిన కొబ్బరి పీచు, ఏది దొరికితే అది 2 నుంచి 3 అంగుళాల మందం వేయండి. కాండం చుట్టూ 2 అంగుళాలు ఖాళీ వదలాలి, లేకపోతే మొదలు కుళ్ళుతుంది. పచ్చిగడ్డి దట్టంగా వేయకండి, కుళ్ళేటప్పుడు అదే వేడి పుట్టిస్తుంది. ఇంకో మాట: తేళ్ళకు, జెర్రులకు ఈ చల్లటి కప్పు, కుండీ అడుగు ఇష్టమైన చోట్లు. వట్టి చేత్తో కప్పు ఎత్తకండి, కుండీ జరిపే ముందు కర్రతో తట్టండి. పిల్లలను తేలు కుడితే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

నీళ్ళు

పోయాల్సిన వేళ పొద్దున 7 లోపు. 12 అంగుళాల కుండీలో కాయలతో ఉన్న టమాటాకు మే నెలలో రోజుకు ఒకటిన్నర నుంచి 2 లీటర్లు పట్టవచ్చు. లెక్క కన్నా గుర్తు మేలు: అడుగు రంధ్రం నుంచి నీళ్ళు రావడం మొదలైతే ఆపండి. సాయంత్రం వేలు 2 అంగుళాలు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే రెండోసారి.

మధ్యాహ్నం సొర, గుమ్మడి ఆకులు వేలాడితే కంగారు పడకండి. పీల్చే దాని కన్నా ఆవిరయ్యేది ఎక్కువై అలా అవుతుంది, పొద్దు వాలాక వాటంతటవే నిక్కుతాయి. మట్టి తడిగా ఉన్నా సాయంత్రం 7 దాటాక కూడా వాడిపోయే ఉంటే అది వేరు జబ్బు, నీళ్ళతో తీరేది కాదు.

ఎండలో పడున్న గొట్టంలో మొదట వచ్చే నీళ్ళు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి. వాటిని బకెట్లోకి వదిలేసి, చల్లబడ్డాకే మొక్కకు పట్టండి. నల్ల ట్యాంకు నీళ్ళదీ మధ్యాహ్నం అదే గతి.

కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) ఎక్కువ కలిపిన మట్టితో ఇంకో మోసం ఉంది. ఒకసారి పూర్తిగా ఎండితే అది కుంచించుకుని కుండీ గోడను వదిలేస్తుంది. పోసిన నీళ్ళు ఆ సందులోంచి జర్రున కిందికి జారిపోతాయి, నడుమ గడ్డ పొడిగానే ఉంటుంది. చూసేవాళ్ళకు మాత్రం అడుగు నుంచి నీళ్ళు వచ్చాయి కదా అనిపిస్తుంది. అనుమానం వస్తే కుండీ ఎత్తి చూడండి, తేలిగ్గా ఉంటే ఇదే. సన్న పుల్లతో నాలుగైదు చోట్ల గుచ్చి, కొంచెం పోసి పది నిమిషాలు ఆగి మళ్ళీ పోయాలి. చిన్న కుండీ అయితే బకెట్ నీళ్ళలో 20 నిమిషాలు దించితే సరి.

బోరు నీళ్ళు వాడేవాళ్ళకు మట్టి పైన తెల్ల పొర కడుతుంది, ఆకుల అంచులు మాడతాయి. అది ఉప్పు. పై పొర గీకేసి, నెలకోసారి నీళ్ళు అడుగు నుంచి ధారగా పోయేలా నింపి కడగండి. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు, ఏసీ నుంచి కారే నీళ్ళు నిక్షేపంగా పోయొచ్చు. వాటర్ ప్యూరిఫయర్ వదిలే నీళ్ళలో ఉప్పు చిక్కబడి ఉంటుంది కాబట్టి రోజూ కుండీలకు పోయకండి. కుండీ కింద పళ్ళేలు పెడితే వారానికోసారి తప్పక బోర్లించి ఆరబెట్టండి. దోమ గుడ్డు పెట్టి, పిల్ల రెక్కలతో లేవడానికి వారం పది రోజులు చాలు.

నీడ వల

ఆకుకూరలకు, నారుకు ఎండను సగం ఆపే 50 శాతం షేడ్ నెట్ సరిపోతుంది. 75 శాతం కింద కూరగాయలు కాడలు సాగి కాపు ఇవ్వవు. 7, 8 అడుగుల ఎత్తున కట్టండి. తక్కువ ఎత్తున కడితే వేడి గాలి కిందే నిలిచిపోతుంది. మల్లె, మందారం, గోరుచిక్కుడు, బెండకు వల అక్కర్లేదు.

ఎండ కన్నా వలకు భయపడాల్సింది గాలిదుమారానికి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పట్టిందంటే పది నిమిషాల్లో వల తెరచాపలా పొంగుతుంది. పెయింటు బకెట్లో కాంక్రీటు పోసి నిలబెట్టిన పైపులు దాంతోపాటే లేస్తాయి, పక్కింటి మీద పడితే ప్రాణాల మీదికి వస్తుంది. పైపులను పిట్టగోడకు క్లాంపులతో బిగించండి. స్లాబుకు రంధ్రాలు పెడితే వానాకాలం కారుతుంది. ఒక వైపు ముడులు లాగగానే ఊడేలా వేసుకుంటే మబ్బు చూడగానే వల దించేయవచ్చు. ఉరుములు మొదలయ్యాక మాత్రం వల కోసం పైకి ఎక్కొద్దు, పోతే వలే పోతుంది.

కాపు, చేదు, పురుగు

తోటకూర, బచ్చలి, గోంగూర, బెండ, గోరుచిక్కుడు ఎండకు తట్టుకుంటాయి. కొత్తిమీర వేడికి త్వరగా పూతకు పోతుంది, వల కిందే నయం. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 కిందికి దిగకపోతే టమాటా పూత రాలిపోతుంది. పుప్పొడి పనికిరాకుండా పోవడం దానికి కారణం. ఏ టానిక్కూ దాన్ని ఆపదు, డబ్బు దండగ. మొక్కను బతికించుకుంటే వానలకు మళ్ళీ పూస్తుంది.

తీగజాతికి తేనెటీగలు తక్కువైతే చేత్తో పరాగం అంటించాలి. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. దోస, గుమ్మడి, కాకర పొద్దున్నే. మగపువ్వు కోసి రేకులు తుంచి, కింద బుల్లి పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దితే చాలు. చీకటి పడే వేళ తెల్లటి సొరపూల మధ్య ఈ పని చేయడం వేసవిలో దొరికే మంచి కాలక్షేపం.

కానీ ఒక హెచ్చరిక. దోస, సొర ఎండకు, నీటి ఎద్దడికి గురైతే కాయలు చేదెక్కవచ్చు. సొరకాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి ఉమ్మేయండి. చేదుంటే కాయంతా పారేయండి, వండితే ఆ చేదు విషం పోదు. చేదు సొరకాయ రసం తాగి రక్తపు వాంతులతో ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు. చేదుగా ఉంటే తాగొద్దని భారత వైద్య పరిశోధన మండలి కూడా చెప్పింది.

పొడి వేడికి ఎర్రనల్లి పెరుగుతుంది. ఆకు మీద సన్నటి పసుపు చుక్కలు కనిపిస్తే తెల్ల కాగితం మీద ఆ ఆకును తట్టండి, చుక్కలు కదిలితే నల్లి ఉన్నట్టే. మూడు నాలుగు రోజులకోసారి పొద్దున ఆకుల అడుగుకు నీళ్ళు జోరుగా కొడితే చాలావరకు తగ్గుతుంది. వేపనూనె అయితే లీటరుకు 5 మి.లీ., ముందు కొంచెం సబ్బు నీళ్ళతో బాగా చిలికి, పొద్దుగూకాకే చల్లాలి. ఎండలో చల్లితే నూనే ఆకును మాడుస్తుంది. గంధకం మందు మండు వేసవిలో వద్దు, నూనె కొట్టిన రెండు వారాల్లోపు అసలే వద్దు. యూరియా, పచ్చి పేడ కూడా వానల దాకా ఆపండి.

మల్లెకు ఒక్కో విడత పూలు అయిపోగానే కొమ్మ కొసలు రెండు కణుపులు తుంచితే కొత్త చిగురుతో మళ్ళీ మొగ్గ వేస్తుంది. మొగ్గ ఊదారంగుకు తిరిగితే లోపల పురుగు ఉన్నట్టు, అలాంటివి ఏరి నలిపేయండి.

మనుషులు, ప్రయాణాలు

11 నుంచి 4 వరకు మిద్దె ఎక్కకండి. వడియాలు తిరగేయడానికని, మాగాయ ముక్కలు ఎండబెట్టడానికని మధ్యాహ్నం వెళ్ళే పెద్దవాళ్ళే వడదెబ్బకు ఎక్కువ దొరుకుతారు. ఎవరైనా ఒళ్ళు కాలిపోతూ తడబడి మాట్లాడుతుంటే నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్ళంతా తుడుస్తూ విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు.

సెలవులకు ఊరెళ్ళేవాళ్ళు డ్రిప్‌కు (చుక్కలుగా నీళ్ళు వదిలే పైపులకు) టైమర్ కొనే ముందు ఒకటి చూసుకోండి. మిద్దె మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళకు ఒత్తిడి చాలా తక్కువ. విద్యుదయస్కాంతంతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వు టైమర్లలో చాలావాటికి అది చాలదు. లోపల బంతి తిరిగి తెరుచుకునే బాల్ వాల్వు ఉన్న, ఒత్తిడి లేకున్నా పనిచేసే రకం అడగండి. డ్రిప్పర్ మీద గంటకు 2 లీటర్లని రాసి ఉన్నా తక్కువ ఒత్తిడికి అంత రాదు. కింద లీటరు సీసా పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూసి సమయం పెట్టండి. ఫిల్టర్ కడిగి, ప్రయాణానికి రెండు రోజుల ముందే నడిపి చూడాలి, మూసుకుపోయిన డ్రిప్పర్లు అప్పుడే బయటపడతాయి.

మే నెలాఖరుకు మిద్దె మీద నీళ్ళు పోయే పైపు మూతి శుభ్రం చేసి జాలీ బిగించండి. తొలకరికి కొట్టుకొచ్చిన ఎండుటాకులు అక్కడ అడ్డం పడితే కుండీలన్నీ రాత్రికి రాత్రే నీళ్ళలో నిలబడతాయి.