చెన్నైలో పెర్ఫార్మెన్స్ కారుకు ఇంజిన్ ఆయిల్ గ్రేడ్ ఎంచుకోవడం ఎలా?

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, చెన్నైలో కాస్త వేగంగా పోయే కారున్న ప్రతివారికీ ఎవరో ఒకరు ఒక సలహా ఇస్తారు: ఈ ఎండలకు పలచని ఆయిల్ నిలవదు, చిక్కటిది పోయించండి అని. సలహా ఇచ్చేవారి మనసు మంచిదే గాని, లెక్క తప్పు. బయట 28 డిగ్రీలున్నా 42 డిగ్రీలున్నా, ఇంజిన్ వేడెక్కిన తరవాత కూలెంట్‌ను థర్మోస్టాట్, రేడియేటర్ ఫ్యాన్ కలిసి దాదాపు ఒకే స్థాయిలో పట్టి ఉంచుతాయి. ఆయిల్ వేడి ఎండ కన్నా ఎక్కువగా మీరు కారు నడిపే తీరు మీద, అంటే ఎంత ఆర్‌పిఎంలో, ఎంత లోడ్ మీద, ఎంతసేపు ఆపకుండా తోలారన్నదాని మీద ఆధారపడుతుంది. కాబట్టి గ్రేడ్ ఎంచుకునే ముందు తెలుసుకోవలసింది మీ కారులో ఆయిల్ నిజంగా ఎంత వేడెక్కుతోంది, ఆ వేడి దగ్గర దానికి ఎంత చిక్కదనం మిగులుతోంది అన్న రెండు సంగతులు.

ముందుగా డబ్బా మీది అంకెలు. 5డబ్ల్యూ-30 వంటి గుర్తులన్నీ వాహన ఇంజినీర్ల సంఘమైన ఎస్‌ఏఈ పెట్టిన జె300 అనే ప్రమాణం నుంచి వచ్చినవే. డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది. స్టార్టింగ్ సమయపు చిక్కదనాన్ని 0డబ్ల్యూకు మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూకు మైనస్ 30 దగ్గర, 10డబ్ల్యూకు మైనస్ 25 దగ్గర పరీక్షిస్తారు. జనవరి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల చుట్టుపక్కలే ఉండే చెన్నైలో ఆ పరీక్షల తేడా ఇంజిన్ స్టార్ట్ కావడానికి అడ్డు రాదు. అలాగని మొదటి అంకెను పూర్తిగా పక్కన పెట్టకూడదు. 100 డిగ్రీల దగ్గర 11 సెంటీస్టోక్‌లుండే (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం ఇది) మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్, 28 డిగ్రీల ఉదయం సుమారు 110 సెంటీస్టోక్‌ల చిక్కదనంతో, అంటే పది రెట్లు చిక్కగా ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, అంటే సంప్‌లో కూర్చుని ఉంటుంది. అదే ఉదయం 10డబ్ల్యూ-60 ఆయిల్ దానికి మరో రెండున్నర రెట్లు చిక్కగా ఉంటుంది. మన ఊళ్లో చలి లేకపోయినా ఇంజిన్‌కు కోల్డ్ స్టార్ట్ తప్పదన్నమాట. కూలెంట్ ముల్లు మధ్యకు వచ్చినంత మాత్రాన ఆయిల్ కూడా వేడెక్కినట్టు కాదు; దానికి ఇంకా కొన్ని నిమిషాలు పడుతుంది గనుక, ఆయిల్ 80 డిగ్రీలు దాటేవరకు 3000 ఆర్‌పిఎంకు లోబడి నడపడం మంచిది.

రెండో అంకె 100 డిగ్రీల దగ్గరి చిక్కదనాన్ని చెబుతుంది. 20 గ్రేడ్ 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్‌ల లోపు, 30 గ్రేడ్ 9.3 నుంచి 12.5 లోపు, 40 గ్రేడ్ 12.5 నుంచి 16.3 లోపు, 50 గ్రేడ్ 16.3 నుంచి 21.9 లోపు ఉండాలి. ఒకే గ్రేడ్‌లో కూడా ఇంత వెడల్పు ఉందని గమనించండి: 12.3 ఉన్న 30కీ, 12.7 ఉన్న 40కీ మధ్య తేడా పేరులోనే గాని ఇంజిన్‌లో కనబడదు. అందుకే రెండు ఆయిళ్లను పోల్చేటప్పుడు డబ్బా ముందువైపు పెద్ద అంకెలతో ఆగిపోకుండా, తయారీదారు తన సైట్‌లో పెట్టే టెక్నికల్ డేటా షీట్ తెరిచి చూడాలి.

ఆ షీట్‌లో నేను అన్నిటికన్నా ముందు వెతికే అంకె హెచ్‌టీహెచ్‌ఎస్, అంటే ఎక్కువ వేడిలో, ఎక్కువ ఒరిపిడిలో ఆయిల్‌కు మిగిలే చిక్కదనం. క్రాంక్‌షాఫ్ట్ జర్నల్‌కూ (బేరింగ్‌లో తిరిగే దాని నున్నటి భాగం) బేరింగ్‌కూ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో నూరో వంతులతో కొలవవలసినంత సన్నది. ఇంజిన్ 7000 ఆర్‌పిఎంలో నిండు లోడ్ మీద తిరుగుతున్నప్పుడు ఆ ఇరుకులో ఆయిల్ పొర నలిగిపోతుంది. చిక్కదనం కోసం కలిపిన పాలిమర్ అణువులు ప్రవాహం దిశలో సాగిపోయి, ఆ క్షణానికి ఆయిల్ మరింత పలచబడుతుంది. 100 డిగ్రీల దగ్గర నెమ్మదిగా జారనిచ్చి కొలిచే సెంటీస్టోక్ లెక్కలో ఈ సంగతి తెలియదు. హెచ్‌టీహెచ్‌ఎస్ పరీక్షలో ఆయిల్‌ను 150 డిగ్రీల దగ్గర, బేరింగ్‌లో ఉన్నంత ఒరిపిడికి గురిచేసి కొలుస్తారు. జె300 ప్రకారం 20 గ్రేడ్‌కు కనీసం 2.6 సెంటీపాయిజ్ (ఈ పరీక్షలో చిక్కదనానికి వాడే కొలమానం), 30కి 2.9, 5డబ్ల్యూ-40కి 3.5, 50కీ 60కీ 3.7 ఉండాలి.

కొనేవారు చాలామంది పొరబడేది ఇక్కడే. 5డబ్ల్యూ-30 అని రాసి ఉన్న డబ్బాలన్నీ ఒకటి కావు. యూరప్ కార్ల తయారీదారుల సంఘమైన ఏసీఈఏ వర్గీకరణలో ఏ5/బి5, సి2 తరగతుల ఆయిళ్లకు హెచ్‌టీహెచ్‌ఎస్ 2.9 ఉంటే చాలు. ఏ3/బి4, సి3 తరగతులకు కనీసం 3.5 ఉండి తీరాలి. అంటే సి3 తరగతికి చెందిన 5డబ్ల్యూ-30, బేరింగ్ దగ్గరికి వచ్చేసరికి 5డబ్ల్యూ-40కి ఉండవలసిన కనీసాన్ని తానూ అందుకుంటుంది. ఇంధనం ఆదా కోసం చేసిన 5డబ్ల్యూ-30 అందుకోదు. ఒకే అంకె, రెండు వేర్వేరు ఆయిళ్లు. కారును గట్టిగా తోలేవారికి 30నా 40నా అన్న వాదం కన్నా ఈ 3.5 ఉందా లేదా అన్న విచారణ ఎక్కువ పనికొస్తుందని నా గట్టి నమ్మకం.

దీని తరవాత ఓనర్స్ మాన్యువల్ తెరవాలి. నిజానికి ఇదే మొదట చేయవలసిన పని; కాని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటే ఏమిటో తెలిసిన తరవాత మాన్యువల్‌లోని పేజీ వేరుగా అర్థమవుతుంది. అందులో గ్రేడ్‌తో పాటు ఫోక్స్‌వ్యాగన్ 504 00, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-01, మెర్సిడెస్ 229.5 వంటి అప్రూవల్ సంఖ్యలుంటాయి. అప్రూవల్ అంటే ఆ కంపెనీ తన పరీక్షలు పెట్టి, చిక్కదనంతో పాటు ఆవిరి కావడం, టర్బోలో మడ్డి కట్టడం, టైమింగ్ చైన్ అరుగుదల వంటివన్నీ చూసి ఒప్పుకున్న ఆయిల్ అని అర్థం. ఇంజిన్ శక్తిని చూసి మనం చేసే ఊహ దీని ముందు నిలవదు. 343 హార్స్‌పవర్ ఇచ్చే, ఈ46 తరానికి చెందిన పాత ఎం3 కారు ఇంజిన్‌కు బీఎండబ్ల్యూ 10డబ్ల్యూ-60 వాడమంది. అంతకన్నా శక్తిమంతమైన ఎం340ఐ టర్బో ఇంజిన్‌కు 30 లేక అంతకన్నా పలచని గ్రేడ్ చాలంది. ఆ ఎం340ఐ కారును ఇక్కడికి దగ్గర్లో, చెంగల్పట్టు దారిలోని మహీంద్రా వరల్డ్ సిటీలో ఉన్న బీఎండబ్ల్యూ ప్లాంట్‌లోనే బిగిస్తారు. 8000 ఆర్‌పిఎం దాకా తిరిగే పాత ఇంజిన్ బేరింగ్‌లకూ, కొత్త ఇంజిన్ సందులకూ, పంప్‌కూ ఉన్న తేడాయే ఆ రెండు అంకెల్లో కనిపిస్తుంది.

అయితే మాన్యువల్ చాలాసార్లు ఒక్క గ్రేడ్‌తో సరిపెట్టదు. ఇంధనం ఆదా కోసం ఒకటి చెప్పి, దాని పక్కనే మరో రెండింటిని కూడా అనుమతిస్తుంది. మీ స్వేచ్ఛ ఆ జాబితాలో ఉంది. అందులో దేన్ని ఎంచుకోవాలో కొలిచి తేల్చుకోవాలి.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఇటీవలి జర్మన్ కార్లు చాలావాటిలో ఆయిల్ టెంపరేచర్ డాష్‌బోర్డ్ తెరమీదనే కనబడుతుంది. లేని కార్లకు ఫిల్టర్ దగ్గర అడాప్టర్ ప్లేట్ పెట్టి సెన్సార్ బిగించవచ్చు. మూడు రకాల ప్రయాణాల్లో చూడండి. ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ (ఓల్డ్ మహాబలిపురం రోడ్) మీద సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ నిలిచి నిలిచి పోయేటప్పుడు ఒకసారి. పండక్కి నెల్లూరు వెళ్లేటప్పుడు జాతీయ రహదారి మీద నిలకడ వేగంలో ఒకసారి. ట్రాక్ డేలకు పోయే అలవాటుంటే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ఒకసారి. ట్రాఫిక్‌లో ప్రాణం విసిగినంతగా ఆయిల్ వేడెక్కదని చూసి మీరే ఆశ్చర్యపోతారు. హైవేలో ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ సాధారణంగా 95 నుంచి 110 డిగ్రీల మధ్య నిలబడుతుంది. 3.7 కిలోమీటర్ల ట్రాక్ మీద మాత్రం, ఆయిల్ కూలర్ చిన్నదైన కారులో, వరసగా నాలుగైదు ల్యాప్‌లు తిరిగేసరికి ముల్లు 120 దాటి ఇంకా ఎక్కుతూనే ఉండవచ్చు.

ఈ అంకెలకూ గ్రేడ్‌కూ ముడి ఇలా పడుతుంది. 100 డిగ్రీల దగ్గర 14 సెంటీస్టోక్‌లుండే 5డబ్ల్యూ-40, 110 డిగ్రీలకు చేరేసరికి దాదాపు 11.4కు దిగుతుంది, అంటే 100 డిగ్రీల దగ్గరి 5డబ్ల్యూ-30తో సమానమవుతుంది. ఒక మెట్టు ఎక్కితే మీకు దక్కేది పది డిగ్రీల పైచిలుకు అదనపు ఓర్పు. 10డబ్ల్యూ-60 అయితే 130 డిగ్రీల దగ్గర కూడా 12 సెంటీస్టోక్‌లకు కొద్దిగా పైన నిలుస్తుంది, కాని ఆ వేడికి ఎన్నడూ చేరని కారులో అది రోజంతా అనవసరమైన బరువే. కాబట్టి మీ ఆయిల్ 110 దాటకపోతే మాన్యువల్ మొదట చెప్పిన గ్రేడే వాడండి. తరచుగా 115 నుంచి 125 మధ్య తిరుగుతుంటే, అనుమతించిన జాబితాలో ఒక మెట్టు పైది గానీ, అదే గ్రేడ్‌లో హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5 ఉన్నది గానీ తీసుకోండి. 130 దాటుతుంటే ఆయిల్ మార్చి లాభం లేదు; పెద్ద కూలర్ కావాలి, అది బిగించేదాకా ల్యాప్‌లు తగ్గించాలి.

రెండు మెట్లు ఎక్కితే ఇంకా మంచిది కదా అనిపించవచ్చు. ప్రెషర్ గేజ్‌లో ముల్లు పైకి లేవడం చూసి సంతోషించేవారూ ఉన్నారు. ప్రెషర్ అంటే ఆయిల్ పోవడానికి ఎదురయ్యే అడ్డు కూడా. చిక్కటి ఆయిల్‌తో రిలీఫ్ వాల్వ్ ముందే తెరుచుకుని కొంత ఆయిల్ బేరింగ్‌లకు వెళ్లకుండానే వెనక్కి మళ్లుతుంది. సన్నని దారుల గుండా ఆయిల్ అందుకుని, వాల్వ్‌లు తెరుచుకునే సమయాన్ని మార్చే వేరియబుల్ వాల్వ్ టైమింగ్ బద్ధకిస్తుంది. చిక్కటి ఆయిల్ తన ఒరిపిడితో తానే ఇంకాస్త వేడి పుట్టిస్తుంది. వేడెక్కిన ఇంజిన్‌లో ప్రతి 1000 ఆర్‌పిఎంకు సుమారు 10 పీఎస్ఐ ఉంటే చాలన్న పాత రేస్ మెకానిక్‌ల లెక్క, మామూలు పంప్ ఉన్న ఇంజిన్లకు నేటికీ మంచి కొలమానమే. ప్రెషర్‌ను కంప్యూటర్ నియంత్రించే కొత్త పంప్‌లకు అది వర్తించదు.

టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతి) రెండూ ఉన్న పెట్రోల్ కార్లకు మరో రెండు జాగ్రత్తలు కావాలి. సిలిండర్ గోడల మీద పడిన పెట్రోల్‌లో కొంత సంప్‌లోకి జారి ఆయిల్‌ను పలచన చేస్తుంది. అడయార్ నుంచి మైలాపూర్ దాకా పోయి ఆపేసే చిన్న ప్రయాణాల్లో ఆ పెట్రోల్, అందులో కలిసి ఉండే ఇథనాల్ ఆవిరి కావడానికి సరిపడా వేడి ఆయిల్‌కు అందదు. రెండు మూడు వారాలకు ఒకసారైనా ఈసీఆర్ మీద మహాబలిపురం దాకా తోలితే అది చాలావరకు పోతుంది. డిప్‌స్టిక్ మీద మట్టం తగ్గకపోగా పెరిగిందంటే, పైగా తుడిచిన గుడ్డకు పెట్రోల్ వాసన కొడుతోందంటే, కిలోమీటర్ల లెక్క చూడకుండా ఆయిల్ మార్చేయండి. ఇక రెండోది, తక్కువ ఆర్‌పిఎంలో యాక్సిలరేటర్‌ను నిండా తొక్కినప్పుడు స్పార్క్ కన్నా ముందే మిశ్రమం అంటుకుని పిస్టన్‌ను దెబ్బతీసే ప్రమాదం. దీన్ని అరికట్టే పరీక్ష 2018లో అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) వారి ఎస్‌ఎన్ ప్లస్ తరగతితో వచ్చి, 2020లో ఏపీఐ ఎస్‌పీలో భాగమైంది. ఇటువంటి కారుకు అంతకన్నా పాత తరగతి ఆయిల్ ఎంత చవకగా దొరికినా కొనకండి.

మన పెట్రోల్‌లో గంధకం ఎక్కువ, కాలినప్పుడు తక్కువ బూడిద మిగిల్చే సి3 వంటి ఆయిళ్లు ఇక్కడ పనికిరావు అని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక పెట్రోల్‌లో గంధకం పరిమితి 10 పీపీఎంకు దిగింది. ఆ భయానికి ఇప్పుడు ఆధారం లేదు.

కొనేటప్పుడు డబ్బాను వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. మీ కంపెనీ అప్రూవల్ సంఖ్యకు ముందు అప్రూవల్ అన్న మాట స్పష్టంగా ఉందా, లేక ఆ ప్రమాణం అవసరమైన కార్లకు అనువైనది అని మాత్రమే ఉందా చూడండి. రెండో రకం మాట ఆయిల్ తయారీదారు సొంత పూచీ మాత్రమే. కారు కంపెనీ పరీక్షించి ఒప్పుకున్నట్టు కాదు. కారు విడిభాగాల దుకాణాలుండే జనరల్ ప్యాటర్స్ రోడ్‌లో ధర తక్కువ చెప్పారని తొందరపడకుండా మూత సీల్, బ్యాచ్ నంబర్ చూసుకుని, బిల్లు తీసుకోండి. సర్వీస్ సెంటర్‌లో పోయిస్తుంటే, అక్కడి డ్రమ్ములో ఏ గ్రేడ్, ఏ అప్రూవల్ ఉందో ముందే అడగండి. లేదంటే మీ డబ్బా మీరే పట్టుకెళ్లి, ఎదుట నిలబడి పోయించుకోండి.

కొత్త గ్రేడ్‌తో రెండు మూడు వేల కిలోమీటర్లు నడిచాక, వీలైతే వంద మిల్లీలీటర్ల నమూనాను ఆయిల్ పరీక్షించే ల్యాబ్‌కు పంపండి. రిపోర్ట్‌లో 100 డిగ్రీల చిక్కదనం, పెట్రోల్ శాతం, ఇనుము, రాగి, సీసం చూడండి. 11తో మొదలైన 30 గ్రేడ్ ఆయిల్ 9.3కు దిగువకు జారితే, పెట్రోల్ కలిసిందో పాలిమర్ తెగిందో పక్క అంకెలు చెబుతాయి. మొదటిదైతే మార్చే గడువు తగ్గించాలి, రెండోదైతే బ్రాండ్ మార్చాలి. చిక్కదనం నిలిచి ఉండి కూడా రాగి, సీసం ఒక రిపోర్ట్ నుంచి మరో రిపోర్ట్‌కు పెరుగుతుంటే, గ్రేడ్ గురించి ఆలోచించడం ఆపి బేరింగ్‌లు తెరిచి చూపించండి. ఏ గ్రేడ్, ఏ అప్రూవల్ ఆయిల్ ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర పోశారో బానెట్ కింద చిన్న స్టిక్కర్ మీద రాసి అంటించండి, దారిలో టాప్‌అప్ కోసం అదే ఆయిల్ ఒక లీటరు డిక్కీలో పెట్టుకోండి.