బీజింగ్ ఒపేరా టికెట్: పేరు దగ్గర ఆగిన బుకింగ్ ఇలా కదిలింది

బీజింగ్ ఒపేరా (పాట, అభినయం కలిసిన చైనా సంప్రదాయ నాటకం) కొత్తగా చూసేవారికి నా ఓటు విడి ఘట్టాల ప్రదర్శనకే. ‘సాన్‌చాకౌ’ అనే ఘట్టంలో పాట తక్కువ, చీకట్లో కత్తియుద్ధపు అభినయమే ఎక్కువ, భాష అడ్డురాదు. బీజింగ్‌లోని లియువాన్ థియేటర్‌లో ఇలాంటివే, ఇంగ్లిష్ అనువాదంతో ఆడతారు. పూర్తి నాటకం కావాలంటే చాంగాన్ గ్రాండ్ థియేటర్.

ఆన్‌లైన్ బుకింగ్ మొదట ఆగేది గుర్తింపు పత్రం గడి దగ్గర. అక్కడ ‘పాస్‌పోర్టు’ అని మార్చకపోతే చైనా పౌరుల గుర్తింపు కార్డుకుండే 18 స్థానాల నంబరు కోసం చూస్తుంది, మనది తిప్పికొడుతుంది. పేరు దగ్గరా ఆగుతుంది: ఇంటిపేరు పొడి అక్షరంగా కాక, పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తిగా కొట్టాలి. తర్వాతి చిక్కు డబ్బు: మన బ్యాంకులు కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు మూసే ఇస్తాయి. బ్యాంకు యాప్‌లో అవి తెరిచాకే కార్డును అలీపే అనే చైనా చెల్లింపుల యాప్‌కి జతచేయాలి.

సీటు మరీ ముందు వద్దు. కంచు తాళాల మోత భరించలేం, పైగా పక్కనున్న అనువాదపు తెర కోసం మెడ తిప్పుతూనే ఉండాలి. ఆరో వరుస దాటాక, మధ్యలో తీసుకోండి. గేటు దగ్గరికి అసలు పాస్‌పోర్టే పట్టుకెళ్లాలి.