రీఫ్ ట్యాంక్‌లో పీహెచ్ తక్కువ చూపిస్తోందా? ముందు గదిలో గాలి సంగతి చూడండి

రీఫ్ ట్యాంక్‌లో, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, పీహెచ్ 7.8 కిందికి పడగానే టెన్షన్ పడిపోయి, పీహెచ్ పెంచే బఫర్ సీసా తెచ్చి ట్యాంక్‌లో ఒంపేసేవాళ్ళే ఎక్కువ. దయచేసి ఆ పని చెయ్యకండి. పీహెచ్ మళ్ళీ పడిపోతుంది, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) మాత్రం పెరిగిపోతుంది, ఆ దెబ్బ కోరల్స్‌కి తగులుతుంది.

మొదట పీహెచ్ మీటర్‌ని, దాని రీడింగ్ సరిచూసే 7, 10 బఫర్ ద్రావణాలతో కాలిబ్రేట్ చెయ్యండి. ఏ టైమ్‌లో చూశారన్నదీ ముఖ్యమే, తెల్లవారుజామున లైట్లు వెయ్యకముందు పీహెచ్ బాగా తక్కువుంటుంది, రాత్రి లైట్లు ఆపేముందు బాగా ఎక్కువుంటుంది. 7.8కీ 8.3కీ మధ్య తిరుగుతుంటే కంగారు లేదు.

తర్వాత ఆల్కలినిటీ. 7 నుంచి 11 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలిచే యూనిట్) మధ్య ఉండాలి. కళింగపట్నం నుంచి సముద్రం నీళ్ళు పట్టుకొచ్చుకునేవాళ్ళు మాత్రం వానాకాలంలో జాగ్రత్త, వంశధార కలిసేది అక్కడే కాబట్టి వరద రోజుల్లో ఉప్పు పల్చబడిపోతుంది, దాంతోపాటు ఆల్కలినిటీ కూడా తగ్గుతుంది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35) దరిదాపుల్లో లేని నీళ్ళు తేవద్దు.

ఇవన్నీ బాగానే ఉన్నాయంటే తప్పు గాలిదే. మే నెల ఉక్కకి తలుపులు, కిటికీలు బిగించి ఏసీ వేసుకుని ఇంటిల్లిపాదీ ట్యాంక్ ఉన్న గదిలోనే పడుకుంటాం. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ గోళీసోడాలో గ్యాస్‌లా నీళ్ళలో కలిసి పీహెచ్‌ని దించేస్తుంది.

నమ్మకం కుదరకపోతే ట్యాంక్ నీళ్ళు రెండు గ్లాసుల్లో తీసి, ఒకదానికి గదిలో, ఇంకోదానికి మేడ మీద గంటసేపు ఎయిర్ పంప్ పెట్టి చూడండి. మేడ మీద గ్లాసులోనే పీహెచ్ పెరిగితే గదిలో గాలి బాగోలేదని అర్థం. రెండిట్లోనూ పెరిగితే ట్యాంక్‌లో నీటి పైభాగం సరిగ్గా కదలడం లేదు, పవర్‌హెడ్‌ని (ట్యాంక్‌లో నీళ్ళు కదిలించే చిన్న పంపుని) కాస్త పైకి తిప్పండి. రెండిట్లోనూ పెరగకపోతే ఆల్కలినిటీ మళ్ళీ టెస్ట్ చెయ్యండి.

గాలిదే తప్పని తేలితే పొద్దున, సాయంత్రం కిటికీలు తియ్యండి. అంతకన్నా బాగా పనిచేసేది, ఖర్చు లేనిది ఇంకోటుంది: నీళ్ళలోకి గాలి బుడగలు పంపి నురగతో మురికి తీసే స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీలోంచి బయటికి పెట్టడం. వాన నీళ్ళు పోకుండా కొసని కిందికి వంచి చిన్న వల కట్టండి, దోమల మందు పొగ కొట్టే రోజున తప్పకుండా లోపలికి లాగేయండి.

సంప్‌లో (ట్యాంక్‌కి కలిపి పెట్టే రెండో తొట్టిలో) చోటుంటే కీటో అనే నాచు పెంచి, దానికి రాత్రిపూట లైటు వెయ్యండి, అది కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటుంది. కాల్క్‌వాసర్ (సున్నపు నీళ్ళు) కూడా బాగా పనిచేస్తుంది, కానీ అక్వేరియం గ్రేడ్ కాల్షియం హైడ్రాక్సైడ్‌తోనే చేసుకోండి, కిళ్ళీకొట్టు సున్నం వద్దు. ఆవిరైన నీటికి బదులుగా రాత్రిళ్ళు చుక్కలు చుక్కలుగా పడాలి, ఒక్కసారి పోస్తే పీహెచ్ అమాంతం ఎగిరి చేపలు చచ్చిపోతాయి.

ఇంకోటి, 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలో కరెంటు ఎన్నాళ్ళు లేదో గుర్తుంది కదా. పంపులు ఆగితే పీహెచ్ కన్నా ముందు ఆక్సిజన్ పడిపోతుంది, అందుకే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి చార్జ్ చేసి ఉంచుకోండి.